నైరాలో జీతం, పెదగంట్యాడలో ఈఎంఐ: హవాలా డబ్బు తీసుకోవచ్చా?

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయన నైజీరియాలో లాగోస్ దగ్గర ఒక కాంట్రాక్టరు కింద పైపింగ్ ఫోర్‌మన్‌గా చేరి తొమ్మిది నెలలైంది. జీతం అక్కడి కరెన్సీ అయిన నైరాల్లో, అక్కడి బ్యాంకులోనే పడుతోంది. మొదట్లో కంపెనీయే నెలనెలా పంపించేది. ఇప్పుడు మూడు నెలలుగా "ఫారం పెట్టాం, బ్యాంకు దగ్గర డాలర్లు లేవు" అంటోంది. ఇక్కడ పెదగంట్యాడలో ఇంటి లోను ఈఎంఐ 18,500, పైన పిల్లల ఫీజులు. ఈలోగా క్యాంపులో ఒకాయన "నైరాలు నాకిచ్చెయ్, సాయంత్రానికి వైజాగ్‌లో మీ ఆవిడ ఖాతాలో యూపీఐ మీద రూపాయలు పడతాయి" అన్నాడు. తీసుకోవచ్చా, ఇంకో దారి ఉందా అని మీరు అడిగారు.

తీసుకోకండి. దారి ఉంది, కానీ అది నెమ్మదైన దారి. ఈ రెండు ముక్కలకీ కారణాలు వివరంగా చెప్తాను, ఎందుకంటే ఊరికే "వద్దు" అంటే ఈఎంఐ తేదీ దగ్గరపడ్డప్పుడు ఆ మాట నిలవదు.

నేను 2009 నుంచి 2020 దాకా లాగోస్‌లో ఒక నిర్మాణ కంపెనీ అకౌంట్స్‌లో పనిచేశాను. మనవాళ్ల జీతాల ఫైళ్లు, ఇంటికి డబ్బు పంపే ఫారాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. 2016లో శ్రీహరిపురం, మల్కాపురం, అగనంపూడి కుర్రాళ్లు డ్యూటీ దిగి, గ్రీజు చేతులతోనే నా గది గుమ్మం దగ్గర నిలబడి "సార్, ఈ నెలైనా వెళ్తుందా" అని అడిగేవారు. ఒక్కో రోజు నా దగ్గర జవాబు ఉండేది కాదు. అందుకే మీరు పడుతున్న టెన్షన్ నాకు బాగా తెలుసు.

అసలు డాలర్లు ఎందుకు దొరకవో ముందు చూద్దాం. నైజీరియాకి బయటి నుంచి వచ్చే డాలర్లలో పెద్ద భాగం ముడిచమురు అమ్మితే వచ్చేవే. 2014 మధ్యలో పీపా 100 డాలర్ల పైన ఉన్న చమురు 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడిపోయింది. రాబడి తగ్గింది, కానీ వాళ్ల సెంట్రల్ బ్యాంకు నైరా విలువ తగ్గించడానికి ఒప్పుకోలేదు. డాలరుకి 197 నైరాల దగ్గర పట్టి ఉంచింది. 2015 జూన్‌లో 41 రకాల సరుకుల దిగుమతికి బ్యాంకు డాలర్లు ఇవ్వబోమంది. బయట వీధిలో డాలరు ధర మాత్రం పెరుగుతూనే పోయింది. మన ఇళ్లలో పెద్దవాళ్లకి 1991 గుర్తుండే ఉంటుంది. అప్పుడు మన దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లే మిగిలితే బంగారం విదేశానికి పంపి తాకట్టు పెట్టాం. అలాంటి రోజుల్లో ఏ దేశమైనా మొదట చేసేది ఒక్కటే, బయటికి వెళ్లే డాలర్ల దగ్గర క్యూ పెట్టడం. మీ ఆయన జీతం ఆ క్యూలో నిలబడి ఉండొచ్చు. కాగితం తక్కువై ఆగి ఉండొచ్చు. కంపెనీ నొక్కేసిన సందర్భాలూ లేకపోలేదు. అది ఎలా తెలుసుకోవాలో కింద చెప్తాను.

ఇక హవాలా సంగతి. చాలామంది "వాడు మంచి రేటిస్తాడు" అనుకుంటారు. ఇది పూర్తిగా తిరగేసి అర్థం చేసుకున్న మాట. చేతిలో డాలర్లు ఉండి నైరాలు కావాల్సినవాడికి వీధి రేటు లాభం. చేతిలో నైరాలు ఉండి ఇంటికి పంపాల్సినవాడికి అదే వీధి రేటు నష్టం. 2017 ఫిబ్రవరి లెక్క చూడండి. అప్పుడు సర్కారు రేటు డాలరుకి 305 నైరాలు, వీధిలో 500 దాటింది. మన రూపాయి డాలరుకి సుమారు 67. ఆరు లక్షల నైరాలు బ్యాంకు ద్వారా వెళ్తే 1,967 డాలర్లు, అంటే ఇక్కడ దాదాపు 1,31,800 రూపాయలు. అవే ఆరు లక్షలు వీధి రేటుకి ఇస్తే 1,200 డాలర్లు, అంటే 80,400. ఒక్క విడతలో 51 వేలు పైచిలుకు తేడా. ఆ 51 వేలు క్యూ తప్పించుకున్నందుకు కట్టిన రుసుము, అంతే. ఆ రోజుల్లో నా కళ్ల ముందే ఎంతోమంది అది కట్టారు, ఎందుకంటే ఇంటి దగ్గర అవసరం ఆగదు.

2023 జూన్‌లో అక్కడ వేర్వేరు రేట్లన్నీ కలిపేశారు. నైరా ఒక్కసారిగా జారింది, ఆ తర్వాత బ్యాంకు రేటుకీ వీధి రేటుకీ దూరం బాగా తగ్గింది. కాబట్టి ఇవాళ మీకు హవాలాలో రేటు నష్టం 2017 అంత ఉండకపోవచ్చు. కానీ అసలు ప్రమాదం రేటులో లేదు.

"సాయంత్రానికి రూపాయలు పడతాయి" అన్నాడు కదా, ఆ రూపాయలు ఎవరివి? మీ ఆయన ఇచ్చిన నైరాలు సముద్రం దాటి రావు. అవి అక్కడే ఎవరో వ్యాపారి చేతికి వెళ్తాయి. ఇక్కడ ఇంకెవరి దగ్గరో ఉన్న రూపాయలు మీ ఖాతాలోకి వస్తాయి. ఆ ఇంకెవరో ఎవరన్నది మీకు తెలియదు, క్యాంపులో మాట్లాడినాయనకీ తెలియదు. లెక్కల్లో చూపని డబ్బు కావచ్చు. ఈ మధ్య ఎక్కువగా సైబర్ మోసాల డబ్బు ఇలా తిరుగుతోంది. ఎక్కడో ఒక పెద్దాయనని "డిజిటల్ అరెస్టు" అని భయపెట్టి లాగిన లక్షలు, గంటల్లో పది ఖాతాల్లోకి, అక్కడి నుంచి వంద ఖాతాల్లోకి చీలిపోతాయి. ఆ వందలో ఒకటి మీది అవుతుంది. ఆ పెద్దాయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, పోలీసులు ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాలన్నిటినీ వరసగా ఆపేస్తారు. మీరు ఎవరో, ఎందుకు తీసుకున్నారో అప్పుడెవరూ అడగరు.

నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి చెప్తాను. 2022లో మల్కాపురం వైపు నాకు తెలిసిన ఒక ఫిట్టరు, వేరే దేశంలో ఉన్నవాడు, ఇలాగే పంపించాడు. భార్య ఖాతాలో 35 వేలు పడ్డాయి. పంపిన పేరు వాళ్లకి తెలియని పేరు, ఊరు ఎక్కడో ఉత్తరాదిన. పన్నెండో రోజున ఆ అమ్మాయి స్కూల్లో ఫీజు కడదామని కౌంటర్లో స్కాన్ చేస్తే పేమెంటు ఫెయిల్. మళ్లీ చేసింది, మళ్లీ ఫెయిల్. వెనక క్యూలో వాళ్లు చూస్తున్నారని పక్కకి వచ్చేసింది. బ్యాంకుకి వెళ్తే "ఇంకో రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి మెయిల్ వచ్చిందమ్మా, ఖాతా ఆపేశాం" అన్నారు. ఆ ఖాతాలో ఈ 35 వేలే కాదు, డ్వాక్రా లోను డబ్బు, వాళ్ల అమ్మ దాచుకోమని ఇచ్చిన 60 వేలు కూడా ఉన్నాయి. మొత్తం కదలకుండా ఉండిపోయాయి. అయిదు నెలలు పట్టింది. నేనే ఆమె తరఫున కాగితాలు రాశాను.

కాగితాలు రాస్తున్నప్పుడు నాకు అర్థమైన చిక్కు ఏంటంటే, ఆమె తప్పు లేదని పోలీసులకి చెప్పాలంటే ఆ డబ్బు ఎలా వచ్చిందో చెప్పాలి. "మా ఆయన అక్కడ నైరాలిచ్చాడు, ఇక్కడ ఎవరో రూపాయలు వేశారు" అని రాస్తే అది ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం కింద ఇంకో తప్పు ఒప్పుకున్నట్టు. విదేశంలో ఉన్న మనిషి తరఫున ఇక్కడ ఎవరైనా డబ్బు తీసుకుంటే అది అధీకృత బ్యాంకు లేదా సంస్థ ద్వారానే రావాలని ఆ చట్టం మూడో సెక్షన్ చెప్తుంది. దాటితే మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. 2000 జూన్‌కి ముందున్న ఫెరా అనే పాత చట్టం రోజుల్లోలా దీన్ని నేరంగా చూసి నేరుగా జైలుకి పంపే చట్టం కాదిది, ఆ మాట నిజమే. కానీ 35 వేల కోసం ఆ గుమ్మం ఎక్కాల్సిన అవసరం మీకు ఎందుకు?

యూఎస్‌డీటీ లాంటి క్రిప్టో కూడా ఇదే గూటి పక్షి. "క్రిప్టో కొని పంపుతాను, అక్కడ అమ్ముకో" అంటారు. ఇక్కడ మీరు అమ్మినప్పుడు కొనేవాడు ముక్కూమొహం తెలియనివాడు, వాడు వేసే రూపాయలు కూడా అలాంటివే కావచ్చు. పైగా లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు సరైన దారి గురించి. కరెన్సీ కట్టడి ఉన్న దేశాల్లో కూడా విదేశీ ఉద్యోగి జీతానికి సాధారణంగా ఒక కిటికీ తెరిచి ఉంచుతారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి నియమావళిలోనే కుటుంబ పోషణకి పంపే మితమైన మొత్తాన్ని రోజువారీ లావాదేవీల (కరెంట్ అకౌంట్) చెల్లింపుల్లో చేర్చారు. అంటే ఇది పెట్టుబడి తరలించడం లాంటిది కాదు, మామూలు చెల్లింపు కింద లెక్క. నైజీరియాలో ఆ కిటికీ పేరు ఫారం ఏ. ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే నింపుతారు. దానికి కావలసినవి పాస్‌పోర్టు, సెర్పాక్ అనే నివాస కార్డు, నియామక పత్రం, జీతం స్లిప్పులు, జీతంలోంచి పన్ను కట్టినట్టు రుజువు, కంపెనీ లేఖ. నా అనుభవంలో నూటికి డెబ్బై ఫైళ్లు ఆగింది డాలర్లు లేక కాదు, ఈ కాగితాల్లో ఒకటి లేక. అందులోనూ పన్ను రసీదు. కంపెనీ జీతంలో పన్ను కోసుకుంటుంది కానీ అక్కడి రాష్ట్ర పన్నుల ఆఫీసులో కట్టడం ఆలస్యం చేస్తుంది. రసీదు లేకపోతే బ్యాంకు ఫారం తీసుకోదు. బయటికి మాత్రం "బ్యాంకులో డాలర్లు లేవు" అంటారు, ఎందుకంటే అలా చెప్పడం తేలిక.

సెర్పాక్ సంగతి కూడా మీ ఆయన్ని చూసుకోమనండి. దాని గడువు ముగిసిన రోజు నుంచి ఫారం కదలదు. గడువుకి రెండు నెలల ముందే కొత్తదానికి పెట్టించుకోవాలి. వీసా మీద వెళ్లి సెర్పాక్ అసలు చేయించని కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. అలాగైతే ఆయన జీతానికి కిటికీయే లేదు. వేరే మాటలన్నీ పక్కనపెట్టి ముందు అది చేయించమని అడగాలి.

ఇంకో చిన్న విషయం, కానీ మన తెలుగువాళ్లకి పెద్ద తలనొప్పి. పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇక్కడ బ్యాంకు ఖాతాలో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం, దాని పక్కన పేరు ఉంటుంది. అక్కడి గుమాస్తాకి ఏది ఇంటిపేరో ఏది సొంత పేరో తెలియదు, ముందుది వెనక వెనకది ముందు రాస్తాడు. మా కంపెనీలో ఒకతని డబ్బు లాగోస్‌లో బయలుదేరి, మధ్యలో ఇంకో బ్యాంకు దాటి, వైజాగ్ దాకా వచ్చి, పేరు కలవలేదని పదిహేడో రోజున వెనక్కి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఖర్చు, వచ్చేటప్పుడు ఖర్చు కోసుకున్నారు. మళ్లీ కొత్తగా క్యూ. కాబట్టి మీ బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో తీసి పంపండి. ఖాతా పేరు అందులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ఫారంలో రాయమనండి. విదేశం నుంచి డబ్బు పంపేటప్పుడు మీ బ్యాంకుని గుర్తించే స్విఫ్ట్ కోడ్ కూడా మీ బ్రాంచికి వెళ్లి అడిగి రాయించుకోండి. అన్ని బ్రాంచీలకీ సొంత కోడ్ ఉండదు. ఏ బ్రాంచి కోడ్ మీద వస్తే మీకు చేరుతుందో వాళ్లే చెప్పాలి.

ఏ ఖాతాకి పంపాలి? ఆయన వెళ్లేముందు వాడుకున్న మామూలు సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉందని మీరు రాశారు. ఆయన ఉద్యోగానికి విదేశం వెళ్లాక దాన్ని ఎన్ఆర్ఓ ఖాతాగా (విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బుకి వాడే ఖాతా) మార్పించాలి, అది నియమం. విదేశం నుంచి వచ్చే జీతం కోసం వేరుగా ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. దాని మీద వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అందులో డబ్బు మళ్లీ బయటికి పంపుకోవాలన్నా అడ్డు లేదు. ఎన్ఆర్ఓ వడ్డీలో అయితే 30 శాతం పైన టీడీఎస్ పోతుంది. ఎన్ఆర్ఈ ఖాతాలో భార్యగా మీరు జాయింటుగా ఉండొచ్చు, కానీ ఆయన జీవించి ఉన్నంతకాలం ఆయనదే ప్రధాన హక్కు అన్న పద్ధతిలో. మీరు డబ్బు తీసి ఇంటి ఖర్చులకీ ఈఎంఐకీ వాడుకోవడానికి ఆయన ఒక మ్యాండేటు మీద సంతకం చేసి ఇస్తే చాలు. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు ఈ పని ఒక్కరోజులో అయిపోతుంది. అప్పటిదాకా మీ సొంత సేవింగ్స్ ఖాతాకే నేరుగా పంపినా చట్టం దృష్టిలో తప్పు లేదు. బ్యాంకువాళ్లు దేనికోసం వచ్చింది అని అడిగితే కుటుంబ పోషణ, పొదుపు అని చెప్పండి, దాని పర్పస్ కోడ్ పీ1301. భర్త పంపింది భార్యకి ఆదాయం కాదు, మీకు పన్ను పడదు. ఆ డబ్బు మీ పేరున డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీని మాత్రం ఆయన ఆదాయంలో కలుపుతారు.

డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు నుంచి రెమిటెన్స్ అడ్వైస్ కాగితం తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి. రేపు ఇల్లు కొన్నా, ఎవరైనా ఎక్కడిదని అడిగినా అదే మీ జవాబు. రేటు కూడా గమనించండి. రెండు వేల డాలర్లు దాటిన మొత్తమైతే బోర్డు మీదున్న రేటుకే ఒప్పుకోకుండా మేనేజరుని అడగండి. డాలరుకి అర్ధరూపాయి పెంచినా వెయ్యి రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు ఈ నెల ఈఎంఐ. డబ్బు దారిలోనే ఉంది, మీకు తక్కువైంది రోజులు మాత్రమే. రోజులు కొనుక్కోవడానికి హవాలా కంటే చవకైన మార్గాలున్నాయి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోను పెట్టండి. నూటికి రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. 60 వేలు తీసుకుంటే నెలకి 600. మూడు నెలలు ఆలస్యమైనా 1,800. ఖాతా ఆగిపోయే భయం దాని పక్కన పెట్టి చూడండి. బంగారం బ్యాంకులో పెట్టడం నామోషీ అనుకోవద్దు. 2016లో మా క్యాంపులో ధైర్యంగా నిద్రపోయినవాళ్లు ఇంటి దగ్గర ఇలా సర్దుకున్న కుటుంబాలవాళ్లే. ఇంటి లోను ఇచ్చిన బ్యాంకుకి కూడా ముందే వెళ్లి ఆయన జీతం స్లిప్పులు చూపించి చెప్పండి. వాయిదా తప్పాక వెళ్లడానికీ తప్పకముందే వెళ్లడానికీ వాళ్లు మాట్లాడే తీరులోనే తేడా ఉంటుంది. డబ్బు వచ్చాక మొదట ఆరు ఈఎంఐలు పక్కన పెట్టేయండి, మిగతా ఖర్చులు ఆ తర్వాత.

అక్కడ నైరాలు పోగుపడనివ్వడం కూడా ప్రమాదమే. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చినవాళ్లలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది "ఉండనీ, అంతా కలిపి ఒకేసారి పంపుదాం" అనుకున్నవాళ్లే. నెలకి మూడు లక్షల నైరాల జీతం అనుకోండి. 2015లో 197 రేటుకి అది 1,520 డాలర్లు. 2017లో 305కి 980. 2023 మే నెలలో 460కి 650. 2024లో 1,500 రేటుకి 200 డాలర్లు. కాగితం మీద జీతం ఒక్క నైరా కూడా తగ్గలేదు. ఇంటికి చేరేది ఏడో వంతుకంటే కిందికి వచ్చింది. కాబట్టి ప్రతి నెలా, ఆ నెల జీతం మేరకు, ఫారం పెట్టాల్సిందే. చిన్న మొత్తాలకి బ్యాంకులో డాలర్లు సర్దడం తేలిక, పెద్ద మొత్తం ఒకేసారి అడిగితే పక్కన పెడతారు. అక్కడ బతకడానికి కావలసినంతే నైరాలు ఉంచుకోమనండి. అక్కడి కార్డుతో ఇక్కడ వాడుకుందామన్న ఆలోచన కూడా నమ్ముకోదగ్గది కాదు. 2022లో కొన్ని బ్యాంకులు నైరా కార్డు మీద విదేశీ వాడకాన్ని నెలకి 20 డాలర్లకి కుదించేశాయి.

అందుకే అసలు పోరాటం ఒప్పందం కాగితం దగ్గర జరగాలి. మీ ఆయన కాంట్రాక్టు రెన్యువల్‌కి ఇంకో మూడు నెలలే ఉంది, ఆ అవకాశం వదులుకోవద్దు. జీతం డాలర్లలో రాయించుకోవాలి. "డాలర్లలో" అని రాసి కింద చిన్న అక్షరాల్లో "సర్కారు రేటుకి నైరాల్లో చెల్లించబడును" అని ఉంటే అది నైరా జీతమే. అప్పుడు కనీసం ఏ రోజు రేటో రాయించాలి, జీతం ఇచ్చే రోజుదా, సంవత్సరం మొదట్లోదా అని. అన్నిటికంటే మేలైనది జీతాన్ని రెండుగా చీల్చడం. తిండికీ చేతి ఖర్చుకీ ఒక భాగం నైరాల్లో అక్కడ, మిగతాది కంపెనీ బయటి దేశంలోని తన ఖాతా నుంచి నేరుగా ఆయన ఎన్ఆర్ఈ ఖాతాకి. చాలా కంపెనీలకి దుబాయ్‌లోనో లండన్‌లోనో ఖాతాలుంటాయి, అడిగినవాళ్లకి చేస్తారు. ఒక జాగ్రత్త. ఇండియాలోని కంపెనీ ఆఫీసు ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో జీతం వేస్తానంటే, అది ఇండియాలో అందిన ఆదాయంగా లెక్కించి పన్ను అడిగే అవకాశం ఉంది. సంతకానికి ముందే ఒక ఆడిటరుని కలవండి. పన్ను మాట వచ్చింది కాబట్టి, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆయన ఇండియాలో ఉన్న రోజులు 182 కంటే తక్కువ ఉంటేనే ఆ సంవత్సరానికి ఎన్ఆర్ఐగా లెక్క. సెలవులు ఆ లెక్క చూసుకుని పెట్టుకోవాలి.

సెలవుకి వస్తూ డాలర్లు చేతిలో తేవచ్చా అని కూడా అడిగారు. కంపెనీ గానీ బ్యాంకు గానీ ఇచ్చిన డాలర్లైతే తేవచ్చు. నోట్లు 5,000 డాలర్లు దాటితే, లేదా నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 దాటితే, ఇక్కడ దిగిన విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. అది ముంబైలో అయినా హైదరాబాద్‌లో అయినా అంతే. లాగోస్‌లో ఎక్కేటప్పుడు కూడా 10,000 దాటితే చెప్పాలి. ఆ ఫారం నకలు దాచుకుంటే ఎన్ఆర్ఈ ఖాతాలో జమ చేసేటప్పుడు పనికొస్తుంది. నా మట్టుకు, లాగోస్ రోడ్ల మీద జేబులో నోట్లతో ఎయిర్‌పోర్టుకి వెళ్లడం ఎవరికీ సలహా ఇవ్వను.

మీరు నైజీరియా గురించి అడిగారు గానీ, వేరే చోట ఉన్న మనవాళ్లకీ ఇది దాదాపు ఇలాగే వర్తిస్తుంది. వైజాగ్ నుంచి ఇథియోపియా కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లినవాళ్లు ఎంతోమంది. 2024 జూలై 29న అక్కడ రేటు వదిలేసినప్పుడు డాలరుకి 57 ఉన్న అక్కడి కరెన్సీ బిర్ కొద్ది రోజుల్లోనే వంద దాటింది. ఈజిప్టులో అదే ఏడాది మార్చి 6న డాలరు ఒక్కరోజులో 31 పౌండ్ల నుంచి 50 దగ్గరికి వెళ్లింది. ముందురోజు దాకా స్థానిక కరెన్సీలో దాచుకున్నవాళ్ల కష్టం మూడో వంతుకి పైగా కరిగిపోయింది.

ఒకవేళ మీరు ఇప్పటికే ఒకటి రెండుసార్లు ఆ మనిషి ద్వారా డబ్బు తీసుకుని ఉంటే, మీ ప్రశ్న రాసిన తీరు చూసి నాకా అనుమానం వచ్చింది, భయపడకండి, కానీ అక్కడితో ఆపేయండి. ఆ డబ్బు పడ్డ ఖాతాలో మీ పొదుపు ఉంచొద్దు, ఇంటి డబ్బు వేరే బ్యాంకులో ఉంచుకోండి. ఒకవేళ ఖాతా ఆగిపోతే బ్రాంచిలో మూడు వివరాలు రాతపూర్వకంగా అడగండి: సైబర్ ఫిర్యాదు నంబరు, ఏ స్టేషను, ఎంత మొత్తం మీద అభ్యంతరం. వివాదం ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని దరఖాస్తు ఇవ్వండి. దర్యాప్తు అధికారికి ఏదైనా రాసేముందు మాత్రం ఒక లాయరుని కూర్చోబెట్టుకోండి. ఇందాక చెప్పిన ఫెమా చిక్కు ఉంది కాబట్టి ఒక్క వాక్యం కూడా ఆవేశంలో రాయకూడదు. "మీ ఖాతా విడిపిస్తాం, పది వేలివ్వండి" అని ఫోన్ చేసేవాళ్లు వస్తారు. వాళ్లకి రూపాయి ఇవ్వొద్దు.

కంపెనీ నిజంగా క్యూలో ఉందా, డబ్బు తన దగ్గరే పెట్టుకుని తిరుగుతోందా అన్నది తెలుసుకోవడం కష్టం కాదు. మీ ఆయన్ని హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి "ఎప్పుడు పంపుతారు" అని అడగొద్దనండి. ఆ ప్రశ్నకి "వచ్చే వారం" అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నా పేరున పెట్టిన ఫారం ఏ నంబరెంత, ఏ తేదీన పెట్టారు, ఏ బ్యాంకులో, దానికి జతచేసిన పన్ను రసీదు నకలు చూపించండి, అని అడగమనండి. నంబరు ఇస్తే ఆ బ్యాంకు బ్రాంచికి తనే వెళ్లి విచారించుకోవచ్చు, క్యూ ఎంతవరకు వచ్చిందో వాళ్లు చెప్తారు. రెండు వారాలు తిప్పి కూడా నంబరు ఇవ్వలేదంటే ఫైలు కంపెనీ గుమ్మం దాటలేదని అర్థం. అప్పుడు ఒప్పందం, జీతం స్లిప్పులు, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి అబూజాలోని భారత హైకమిషన్‌కి, లాగోస్‌లో ఉన్న వాళ్ల ఆఫీసుకి మెయిల్ పెట్టించండి. ఒక నకలు తాడేపల్లిలో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా పంపండి. మెయిల్ ఇంగ్లిష్‌లో రాయడం ఇబ్బందైతే ఆ కాగితాలు పట్టుకుని కూర్మన్నపాలెం రండి, నేను రాసిపెడతాను.